తెల్లారితే బుధవారం

కామారెడ్డి,
మే 12, 2025.

చెల్లె సుకన్యకు, అన్న పురుషోత్తం రాస్తున్నది.

ఇక్కడ మేమందరం క్షేమం, అక్కడ మీరందరు క్షేమమని తలుస్తానని రాసే మొఖం నాకు లేదు. ఇక్కడ బతికే ఉన్నం. అక్కడ మీరు ఎట్లున్నరో తెలువక రాస్తున్న.

ఫోన్ చేస్తే ఎత్తవు. మూడు నెలలైంది. నీ వదిన సింధూజ ఫోన్ నుంచి చేసిన, దుకాణం నంబర్ నుంచి చేసిన, నా గొంతు వినంగనే పెట్టేస్తివి. కాయితమైతే చింపేముందు ఒక్క వరసైనా కంటబడుతది కదా అని పోస్టాఫీసుకు పోయి కవర్ అడిగిన. కౌంటర్‌ల ఉన్నామె ఎవరికి అని అడిగింది. ఎల్లారెడ్డిల మా చెల్లెకు అంటే, నలభై కిలోమీటర్లకు ఉత్తరమేంది సార్, బస్సెక్కి పోరాదు అన్నది. పోవచ్చు. బస్సులకేం తక్కువ లేదు. మల్లేష్ బావ పెద్దకర్మ నాడు మీ మరిది నరేందర్ అందరి ముందర ఏమన్నడో ఆమెకేం తెలుసు. "మా అన్నకు చివరిచూపు లేకుంట చేసినవు. మళ్ల ఈ గడప తొక్కితే మర్యాద దక్కదు" అన్నడు. నువ్వు అక్కడనే, తలుపు పక్కన గోడకు ఆనుకొని ఉన్నవు. తల ఎత్తలేదు.

నా తప్పు కాదని నేను అనను. టికెట్ తీసింది నేను, నా జిరాక్స్ దుకాణంల, నా కంప్యూటర్ మీద. బావ మస్కట్ దవాఖానల తలల నరం చిట్లి పడి ఉన్నడు, నీ వీసా అప్పుడే వచ్చింది, ఆగమాగం టికెట్ కొట్టిన. ఫిబ్రవరి 19, బుధవారం, రాత్రి రెండు గంటల ముప్పై అయిదు నిమిషాలు అని ఉన్నది. రాత్రి రెండున్నర అంటే మనకు బుధవారం రాత్రి. పొద్దు పొడిస్తేనే మనకు రోజు మొదలు. పన్నెండు కొట్టంగనే తారీఖు మారుతదని చదువుకున్న, కానీ ఆ గడియల అది మనసుకు పట్టలేదు. ఆ విమానం మంగళవారం రాత్రిది, తెల్లారితే బుధవారం. నేను బుధవారం రాత్రికి కారు మాట్లాడిన. అప్పటికి విమానం నీ సీటు ఖాళీగ పెట్టుకొని పోయి మస్కట్‌ల దిగింది.

బావతోని ఒక్క గదిల ఉన్న బీబీపేట గంగారాం సెలవు మీద వచ్చిండు. బావ సంచి తెచ్చి ఇచ్చిండు. బస్సు పార్శిల్‌ల పంపుతున్న, తీసుకో. గంగారాంతోని ఎక్కువ మాట్లాడలేదు. చెప్పదగ్గ సంగతులేం లేవు.

ఆరో నెల మాసికం ఆగస్టుల వస్తది. అప్పటికన్నా నన్ను మీ ఇంటికి రానిస్తరా? ఒక్క ముక్క రాయి. తిట్టి రాసినా మంచిదే.

నీ అన్న,
పురుషోత్తం

*

ఎల్లారెడ్డి,
మే 27.

పురుషోత్తమన్నకు,

సంచి అందింది. రెండు అంగీలు, ఒక లుంగి, చేతి గడియారం, నేను పోయిన ఏడు పంపిన మామిడికాయ తొక్కు సీసా. సీసాల సగం తొక్కు అట్లనే ఉన్నది. గడియారం నడుస్తనే ఉన్నది, కానీ గంటన్నర వెనక నడుస్తున్నది. నీ మేనకోడలు సుష్మిత సరిచేయబోతే వద్దన్న.

నేను బాగనే ఉన్న. పొద్దంత బీడీలు చుడుతున్న. మా అత్త సత్యమ్మ లేస్తే నీ పేరే తీస్తది. కొడుకు నోట్లె ఇన్ని నీళ్లు పోసేటోళ్లు లేకుంట పాయెనని ఏడుస్తది, ఏడ్చినప్పుడల్ల నిన్ను తిడుతది. నేను విని ఊకుంట. నీ తప్పని నేను ఎవ్వరికీ చెప్పలేదు. కాదని కూడా చెప్పలేదు.

ఒకటి అడుగుత, అది రాయి. ఇక్కడి నుంచి మస్కట్ ఎన్ని కిలోమీటర్లు? విమానంల ఎంతసేపు? రెండు ముప్పై అయిదుకు లేచి నాలుగు ముప్పైకి దిగుతదని టికెట్ మీద ఉండె. రెండు గంటలు కూడా కాదు. ఎల్లారెడ్డి నుంచి ఎయిర్‌పోర్టుకు పోవాలంటేనే నాలుగు గంటలు పడుతది. అంత దగ్గరున్న మనిషి పన్నెండేండ్లల్ల అయిదుసార్లే ఎందుకు వచ్చిండు?

మాసికం సంగతి నాకు తెల్వదు. ఇంట్ల నరేందర్ మాటనే నడుస్తది.

సుకన్య

*

కామారెడ్డి,
జూన్ 5.

చెల్లె సుకన్యకు,

నీ ఉత్తరం సింధూజ ముందుగాల చదివింది. చదివి వంటింట్లకు పోయింది. నేను షట్టర్ సగం దించి చదువుకున్న. పది వరసలు రాసినవు, పదిసార్లు చదివిన.

అడిగింది చెప్త. హైదరాబాద్ నుంచి మస్కట్ గాలిల రెండు వేల రెండు వందల కిలోమీటర్లు, కొద్దిగ అటు ఇటు. విమానంల మూడు గంటల ఇరవై అయిదు నిమిషాలు. టికెట్ మీద రెండు గంటలే కనబడుతది, ఎందుకంటే లేచే టైం మనది, దిగే టైం వాళ్లది. వాళ్ల గడియారం మనకన్నా గంటన్నర వెనక. మనకు పొద్దుగాల ఆరైతే వాళ్లకు నాలుగున్నర. బావ గడియారం చెడిపోలేదు, అక్కడి టైం చూపిస్తున్నది. తిప్పకుంట మంచిపని చేసినవు.

ఇంత దగ్గరుండి ఎందుకు రాలేదంటే ఏం చెప్పాలె. సెలవు రెండేండ్లకోసారి. వచ్చినా నెల రోజులు, అండ్ల వారం చుట్టాల ఇండ్లకే పోతుండె. చిన్నప్పుడు నీకు లెక్కలు చెప్తుంటే కూడా అంతే, అన్నీ చేసి చివర్ల నాకు రాని ప్రశ్న ఒకటి వేస్తుంటివి. ఏడో ఎక్కం రాక నన్ను ఎన్ని దినాలు సతాయించినవో నేను మరిచిపోలేదు.

ఆ బుధవారం పొద్దున ఎనిమిదిన్నరకు నేను దుకాణం షట్టర్ లేపుతున్న. గంగారాం ఫోన్ చేసిండు. "అన్నా, వదిన ఇంక బయటికి రాలేదు. నేను మస్కట్ ఎయిర్‌పోర్టుల కాయితం మీద పేరు రాసి పట్టుకొని రెండున్నర గంటల నుంచి నిలబడ్డ" అన్నడు. నేను నవ్విన సుకన్యా. నీకేమన్న పిచ్చా, విమానం ఇయ్యాల రాత్రికి కదా అన్న. ఆయన, టికెట్ మళ్లొకసారి చూడు అన్నడు. లేపిన షట్టర్ అట్లనే చేతిల ఉన్నది. వెంటనే విమానం కంపెనీకి ఫోన్ చేసి గురువారం రాత్రికి, తెల్లారితే శుక్రవారం, ఇంకో టికెట్ తీసిన. ఆ ఫోన్‌ల వాళ్లు ఇంకేవేవో చెప్పిన్రు, అవన్నీ ఇప్పుడెందుకు. రెండో టికెట్ కూడా అక్కరకు రాలేదు. గురువారం పొద్దుగూకంగ బావ పోయిండు.

ఇప్పుడు ఎవరికి టికెట్ తీసినా పైన ఎర్రపెన్నుతోని రాసి ఇస్తున్న, ఫలానా రోజు రాత్రి, తెల్లారితే ఫలానా రోజు అని. నవ్వుతరు. మొన్న దోమకొండ నుంచి వచ్చినాయనతోని మూడుసార్లు పైకి చదివించిన. ఆయన కోపానికొచ్చి వేరే దుకాణానికి పోయిండు. పోతే పోనీ.

నీ అన్న,
పురుషోత్తం

*

ఎల్లారెడ్డి,
జూన్ 28.

అన్నా,

మూడు గంటల ఇరవై అయిదు నిమిషాలు అని నువ్వు రాసినంక నాకు ఒక పని దొరికింది. ఎవరికీ చెప్పలేదు, నీకు చెప్తున్న.

మంగళవారం వస్తే రాత్రి నిద్ర పట్టదు. బావ గడియారం అని నువ్వు రాసినవు చూడు, అది పక్కన పెట్టుకొని పండుకుంట. అండ్ల ఒకటి అయిదు అయితే మనకు రెండు ముప్పై అయిదు. ఇప్పుడు లేస్తది అనుకుంట. ఇప్పటిదాక నేను విమానం ఎక్కలేదు, లోపల ఎట్లుంటదో ఫోన్‌ల సుష్మిత చూపించింది. మ్యాప్ కూడా చూపించింది. షోలాపూర్ దాటుతది, బొంబాయి పక్క నుంచి పోతది, ఇగ అంత సముద్రం. ఊర్ల పేర్లు అయిపోయినంక నాకు దారి తెల్వదు. సముద్రం మీదనే ఆగిపోత. ఎన్ని మంగళవారాలు పోయినా దిగుడు నాకు రాలేదు. చీకట్ల అట్లనే కూసుంట, అత్త లేచి నీళ్లు చల్లే చప్పుడు వినబడుతది.

నవ్వినా మంచిదే. నీకు తప్ప ఎవరికి చెప్పాలె.

వానలు లేవు. నారు పోయాల్నా వద్దా అని నరేందర్ మబ్బు దిక్కు చూసుకుంట తిరుగుతున్నడు. సుష్మిత తొమ్మిదో తరగతికి వచ్చింది. వాళ్ల నాయిన ఫోటోకు పూలదండ వేస్తే తీసి పక్కన పెట్టింది.

గంగారాం ఏం చెప్పిండు? చెప్పదగ్గ సంగతులు లేవని రాసినవు. అంటే చెప్పరానివి ఉన్నయన్నట్టే కదా. బుధవారం ఆయన ఎట్లున్నడు, గురువారం ఎట్లున్నడు? ఎవరి కోసమన్న చూసిండా? అది రాయి. వేరే సంగతులు రాయకున్నా మంచిదే.

సుకన్య

*

కామారెడ్డి,
జూలై 20.

చెల్లె సుకన్యకు,

ఆలస్యమైంది. గంగారాం మళ్ల పోయిండు. టికెట్ నేనే తీసిన, తారీఖు నాలుగుసార్లు చూసిన, ఎయిర్‌పోర్టు దాక నేనే పోయి లోపలికి తోలిచ్చి వచ్చిన.

నువ్వడిగింది రాస్తున్న. బుధవారం బావ కండ్లు తెరిచి ఉన్నయట. నువ్వు వస్తున్నవని, విమానం ఆలస్యమైందని గంగారాం చెప్పిండట. విన్నడో లేదో తెల్వదు. గురువారం వాళ్ల టైం నాలుగు గంటల పది నిమిషాలకు, మనకు అయిదు నలభైకి పోయిండు. గంగారాం పక్కనే ఉన్నడు. ఇంతే. ఇంతకన్నా నన్ను అడుగకు.

ఒకటి చెప్త, కోపానికి రాకు. వచ్చినా మంచిదే. నేను అయిదు నెలల నుంచి దోషి లెక్క తిరుగుతున్న. దుకాణం కాడ ఇద్దరు నిలబడి మెల్లగ మాట్లాడుకుంటే నా గురించే అనుకుంట. మీ ఊరోళ్లు జిరాక్స్‌కు వస్తే కౌంటర్ కిందికి వంగి కాయితాలు ఎదుక్కున్నట్టు చేస్తున్న. రాత్రి లేచి కూసుంటే సింధూజ ఏమైందని అడుగుడు కూడా బంద్ చేసింది. నేను ఎన్నిసార్లు తప్పు తప్పు అనాలె సుకన్యా? నువ్వు ఒక్కసారి మీ అత్తకు, నరేందర్‌కు, "అన్న కావాలని చేసిండా" అని అంటే ఏం పోతుండె? నువ్వు ఊకుంటున్నవు చూడు, నాకు వాళ్ల తిట్లకన్నా అదే ఎక్కువ కోస్తున్నది.

ఆగస్టు తొమ్మిదిన రాఖీ. ఏడాది మైల అంటవు, తెలుసు. కవర్‌ల ఒక దారం పోగైనా పెట్టి పంపు. పంపకుంటే నాకు చెల్లె లేదనే అనుకుంట.

పురుషోత్తం

*

ఎల్లారెడ్డి,
ఆగస్టు 10.

అన్నా,

నిన్న రాఖీ. బస్సుల నిండ ఆడోళ్లే, అందరు తల్లిగారి ఊర్లకు పోయిన్రు. నేను గడపల కూసొని బీడీలు చుట్టిన. నీకు పంపలేదు. మైల అని కాదు. ఈ ఉత్తరం చదివినంక కూడా నీకు కావాలంటే అప్పుడు అడుగు.

ఫిబ్రవరి 18, మంగళవారం మధ్యాహ్నం పన్నెండున్నరకు నా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఇంగ్లీషుల ఉన్నది. నన్ను ఇంటర్ దాక చదివించింది నువ్వే, అంత మాత్రం చదువ వస్తది. మీ విమానం ఇంక పద్నాలుగు గంటలల్ల లేస్తది, మూడు గంటల ముందు రావాలె అని ఉన్నది. వేళ్ల మీద లెక్కపెట్టిన. ఈ రాత్రికే. నువ్వు రేపు రాత్రికి కారు మాట్లాడినవు. ఒక్క ఫోన్ చేస్తే నువ్వు గంటల కారు తెస్తుంటివి.

చెయ్యలేదు. ఫోన్ తీసుకపోయి బియ్యం డబ్బాల పెట్టి మూత పెట్టిన.

ఎందుకో చెప్త. ఆదివారం గంగారాం మనతోని మాట్లాడిండు యాదికున్నదా? డాక్టర్లు ఆశ లేదంటున్నరు, కానీ ప్రాణం పోతలేదు, ఎవరి కోసమో కొట్టుకుంటున్నది అన్నడు. మా అత్త విని, "ఇంకెవరి కోసం, దీని కోసమే. ఇది పోయి నోట్లె ఇన్ని నీళ్లు పోస్తే బిడ్డ సుఖంగ పోతడు" అన్నది. అందరు తల ఊపిన్రు. నువ్వు కూడా ఊపినవు. ఎవ్వరు చెడ్డగ అనలేదు, అందరు ఏడ్చుకుంటనే అన్నరు. కానీ నాకు ఏమనిపించిందో తెలుసా? వీళ్లందరు కలిసి నన్ను పంపుతున్నది ఆయన్ను చూసి రానీకి కాదు, ఆయన్ను పంపించి రానీకి అనిపించింది.

బీబీపేటల చిన్నవ్వ యాదికొచ్చింది. మన బాపుకు చిన్నమ్మ, మనకు చిన్నవ్వ. అప్పుడు నాకు ఏడేండ్లు. మంచం మీద నాలుగు రోజులు కొట్టుకున్నది. భీవండిల మగ్గాల మీద పనిచేసే కొడుకు వచ్చి, చెవుల "అవ్వా, నేను వచ్చిన" అని నీళ్లు పోస్తేనే పోయింది. తలుపు సందులకెల్లి చూసిన నేను. ఆయన తెల్ల అంగీ వీపు దిక్కు కనబడ్డది. ఆయన రాకుంటే చిన్నవ్వ ఉంటుండె కదా అని అప్పటి నుంచి నా మనసుల ఉన్నది. పెద్దగైనంక కూడా పోలేదు.

నేను పోతే ఆయన పోతడు. నేను పోకుంటే ఉంటడు. నాకు గదే లెక్క తెలిసింది. ఆ రాత్రి రెండు ముప్పై అయిదు దాక మేలుకొనే ఉన్న. విమానం లేచి ఉంటది అనుకున్నంక నాకు ఆకలైంది. రెండు రోజుల నుంచి సరిగ్గ తినలేదు. లేచి చీకట్ల అన్నం పెట్టుకొని తిన్న. ఆయన ఇంకో రోజు ఉంటడని తిన్న.

బుధవారం మధ్యాహ్నం నువ్వు వచ్చి నా తప్పే అని మా అత్త కాళ్ల మీద పడ్డవు. అప్పుడే చెప్పేది ఉండె. నోరు రాలేదు. ఆ గడియ దాటినంక ఇంక ఎప్పుడు చెప్పాలె, ఎట్ల చెప్పాలె.

గురువారం పొద్దున గంగారాం ఫోటో పంపిండు. ముక్కుల పైపులు, దవడలు పీక్కపోయి ఉన్నయి. నేను ఆపుతున్నది ఈ మనిషినా అనిపించింది. ఎంత బాధ పడుతున్నడో అని అప్పుడు తెలిసింది. రెండో టికెట్‌కు తప్పక పోవాలనుకున్న. పెట్టె సదురుకున్న, ఇంకో తొక్కు సీసా కూడా పెట్టుకున్న. చీర కట్టుకొని నీ కారు కోసం కూసున్న. ఆరు గంటలకు నీ ఫోన్ వచ్చింది, పోయిండని.

నేను పోకున్నా పోయిండు. నా కోసం ఆగలేదు.

ఇప్పుడు చెప్పు. తారీఖు తప్పు చదివినోనిది పెద్ద తప్పా, సరిగ్గ చదివి ఊకున్నదానిది పెద్ద తప్పా? ఇది నరేందర్‌కు చూపించాలనుకుంటే చూపించు.

సుకన్య

*

కామారెడ్డి,
ఆగస్టు 25.

చెల్లె సుకన్యకు,

నీ ఉత్తరం అందిన మూడు రోజులకు మాసికం. పొద్దున్నే తలస్నానం చేసి, నీ ఉత్తరం జేబుల పెట్టుకొని బస్టాండు దాక వచ్చిన. ఎల్లారెడ్డి బస్సు నా ముందర నుంచే పోయింది. ఎక్కలేదు. నరేందర్‌కు భయపడి కాదు.

మెసేజ్ సంగతి నాకు తెలుసు. ఆ బుధవారం పొద్దున్నే తెలుసు. విమానం కంపెనీ ఫోన్‌ల మాట్లాడిన పిల్ల చెప్పింది, నిన్న మధ్యాహ్నమే ప్రయాణం చేసేటామెకు మెసేజ్ పంపినం, అందింది అని. పోయేది నువ్వు కాబట్టి నేను నీ నంబరే ఇచ్చిన. చూసుకోలేదేమో అనుకున్న. మధ్యాహ్నం మీ ఇంటికి వచ్చి విమానం పోయిందని చెప్తే అందరు మొత్తుకున్నరు, నువ్వు ఒక్కదానివి ఏడ్వలేదు. చూసినవని అప్పుడు అర్థమైంది. ఎందుకు ఊకున్నవో మాత్రం అర్థం కాలేదు.

నిన్ను కాపాడనీకి ఊకున్న అని రాస్తే నువ్వు నమ్ముతవు. నేను అంత మంచోన్ని కాదు సుకన్యా. తారీఖు తప్పు చదివిండని అందరు తిడుతుంటే నాకు లోపల ఒక తీరు నిమ్మళంగ ఉండె. ఆ తప్పు కింద ఇంకోటి దాచిన. వాళ్లు తిట్టినంతసేపు అది ఎవ్వరికీ కనబడదు.

గురువారం సాయంత్రం అయిదుం పావుకు గంగారాం ఫోన్ చేసిండు. ఏడుస్తున్నడు. "అన్నా, నేను చూడలేకపోతున్న. ఊపిరి ఒక్కటొక్కటి గుంజుతున్నడు. మొఖం తలుపు దిక్కే ఉన్నది. వదిన రేపు పొద్దుగాల కదా వచ్చేది, గప్పటిదాక గిట్లనే కొట్టుకోమంటవా" అన్నడు. దుకాణంల గోడ గడియారం చూసిన. నువ్వు దిగి దవాఖానకు చేరేసరికి ఇంకో పదిహేను గంటలు. పదిహేను గంటలు ఆ ఊపిరి అట్ల గుంజుడు నా మనసుకు పట్టలేదు.

"చెవుల చెప్పు" అన్న. ఏమని చెప్పాలె అన్నడు. "సుకన్య వచ్చిందని చెప్పు. చెప్పి పెదవులు తడుపు" అన్న.

ఫోన్ పెట్టెయ్యలేదు. నాకు వినబడ్డది. "మల్లేషన్నా, వదిన వచ్చింది, గిటు చూడు" అన్నడు. ఇంక ఏం వినబడలేదు. అయిదు నలభైకి, అన్నా అయిపోయింది అన్నడు. నేను ఇరవై నిమిషాలు దుకాణంల కూసొని అప్పుడు నీకు ఫోన్ చేసిన. నువ్వు అప్పటికే చీర కట్టుకొని కూసున్నవని నాకు తెల్వదు. ఆ ముక్క చదివిన కాడ నుంచి నాకు అన్నం పోతలేదు.

ఇంకొకటి చెప్పాలె. చిన్నవ్వ కాడ నువ్వు చూసిన తెల్ల అంగీ కొడుకుది కాదు. మన బాపుది. కొడుక్కు రైలు దొరుకలేదు, మరునాడు మధ్యాహ్నానికి వచ్చిండు. అవ్వ బాధ చూడలేక బాపే ఆమె చెవుల, "నేను నీ కొడుకును, వచ్చిన" అన్నడు. అప్పుడు నాకు పదహారు. నీళ్ల చెంచా నా చేతిలనే ఉన్నది. ఎవరొచ్చిన్రు, ఎవరొచ్చిన్రు అని నువ్వు బయట ఏడుస్తుంటే, కొడుకు వచ్చిండు, అందుకే అవ్వ పోయింది అని చెప్పింది నేనే. నిన్ను ఊకుంచనీకి ఒక మాట చెప్పిన. నువ్వు ఆ మాట పట్టుకొని ఇన్నేండ్లు ఉన్నవు. నేను బాపు చేసింది పట్టుకొని ఉన్న.

నువ్వు పోకుంట ఆపిన ప్రాణాన్ని, నువ్వు వచ్చినవని చెప్పి నేను సాగనంపిన.

నాకు రాఖీ వద్దు. ఈ ఉత్తరం చదివి చింపెయ్యి.

పురుషోత్తం

*

ఎల్లారెడ్డి,
సెప్టెంబర్ 17, బుధవారం.

అన్నా,

నీ ఉత్తరం పద్నాలుగు రోజులకు అందింది. ఆగస్టు ఆఖర్ల పడ్డ వానలకు రోడ్డు తెగింది కదా, కామారెడ్డి నుంచి బస్సులు రాలేదు, టపా రాలేదు. మా దిక్కు పొలాలు ఇసుకల పూడిపోయినయి. మస్కట్‌ల ఉన్నోళ్ల ఫోన్లు మాత్రం రోజు వచ్చినయి, మీరు బతికున్నరా అని.

చింపలేదు. బియ్యం డబ్బాల పెట్టిన.

మొన్న సోమవారం అత్తను, నరేందర్‌ను కూసోబెట్టి మెసేజ్ సంగతి చెప్పిన. నువ్వు చెవుల చెప్పించింది చెప్పలేదు. అది మన ఇద్దరి నడుమ, గంగారాం నడుమనే ఉండని. నరేందర్ లేచి బయటికి పోయిండు. పోయేముందు, మీ అన్నను రమ్మను, నా మాట నేను వాపస్ తీసుకుంటున్న అని గోడ దిక్కు చూసి అన్నడు. అత్త మాట్లాడలేదు. ఇప్పటిదాక కూడా మాట్లాడలేదు. అన్నం పెడితే తింటది, గిన్నె నా చేతికి ఇయ్యదు, కింద పెడుతది. ఇంక ఈ ఇంట్ల నిన్ను తిట్టేటోళ్లు లేరు. సుష్మిత అన్నీ విని ఒక్కటే అడిగింది, అమ్మా, నాయినకు నువ్వు వస్తున్నవని తెలుసా అని. తెలుసు అన్న.

నీ మీద కోపం లేదని రాయను. పదిహేను గంటలు. నాకు ఆ పదిహేను గంటలు కావాలె. పైపుల ఫోటో యాదికొచ్చినప్పుడు నువ్వు చేసింది మంచిగ అనిపిస్తది, పొయ్యి ముందర కూసున్నప్పుడు కాదనిపిస్తది. గంగారాం వదిన అన్నడని రాసినవు. మీ బావ నన్ను ఇంట్ల ఒక పేరుతోని పిలుస్తుండె, అది ఎవరికీ తెల్వదు. ఆ పేరు చెప్పకున్నా ఆయన నమ్మిండంటే, ఎంత చూసి చూసి ఉన్నడో అని ఏడుస్తున్న.

నిన్న మంగళవారం. రాత్రి ఎప్పటి లెక్కనే గడియారం పక్కన పెట్టుకున్న. లేచింది. షోలాపూర్ అయింది, బొంబాయి అయింది, సముద్రం వచ్చింది. ఎప్పుడు ఆగే కాడ ఆగలేదు. దిగిన అన్నా. గంగారాం కాయితం మీద నా పేరు రాసి పట్టుకొని నిలబడ్డడు. దవాఖానకు పోయినం. ఆయన మొఖం తలుపు దిక్కే ఉన్నది.

నేను వచ్చిన అని చెప్పలేదు. చెప్తే పోతడు. చెయ్యి కూడా పట్టలేదు. నోరు మూసుకొని తలాపున నిలబడ్డ. పొద్దు పొడిచేదాక నిలబడ్డ.

దసరాకు వదినను తోలుకొని రా. దారం కవర్‌ల పెట్టలేదు, వస్తే కడత. బుధవారం మాత్రం రాకు.

అత్త లేచి వాకిట్ల నీళ్లు చల్లుతున్నది. పొయ్యి ముట్టియ్యాలె.

నీ చెల్లె,
సుకన్య